బెల్టు అక్కర్లేనివాళ్లు

ప్రొఫెషనల్ రెజ్లింగ్ చూసేవాళ్ల మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తుంది. రాడీ పైపర్ గురించో, జేక్ రాబర్ట్స్ గురించో కబుర్లు నడుస్తున్నప్పుడు ఎవరో ఒకరు "అంత గొప్పోడు ఒక్కసారి కూడా వరల్డ్ ఛాంపియన్ అవ్వలేదా!" అని ఆశ్చర్యపోతారు. వెంటనే పక్కవాళ్లు "ఆయనకి బెల్టు అక్కర్లేదు" అంటారు. అక్కడితో చర్చ అయిపోతుంది. ఆ మాటలో మెచ్చుకోలూ ఉంది, ఓదార్పూ ఉంది. మంచి నటుడికి అవార్డుతో పనేంటి అన్నట్టు ఉంటుంది.

నాకు ఈ మాట మీద చాలాకాలంగా అనుమానం. అది అబద్ధమని కాదు. చూసేవాడి వైపు నుంచి అది చాలావరకు నిజమే. కానీ అదే మాట డబ్బులిచ్చేవాడి నోట్లోంచి వస్తే అర్థం మారిపోతుంది. "నీకు బెల్టు అక్కర్లేదు" అని కంపెనీ అన్నప్పుడు, పైకి వినపడని మిగతా సగం ఒకటి ఉంటుంది: "కాబట్టి బెల్టు ఉన్నవాడికి ఇచ్చినంత నీకు ఇవ్వక్కర్లేదు." బెల్టు దక్కకపోవడం కొందరి కళకి ఎలా పదును పెట్టిందో చూడాలి, ఆ పదునుకి ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో కూడా చూడాలి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే అది అభిమానం అవుతుంది గానీ విమర్శ అవ్వదు.

ముందు హద్దులు గీసుకుందాం. వరల్డ్ టైటిల్ అంటే ఇక్కడ నా లెక్కలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఎన్‌డబ్ల్యూఏ, డబ్ల్యూసీడబ్ల్యూ, ఏడబ్ల్యూఏ లాంటి పెద్ద సంస్థల ప్రధాన బెల్టు. అందుకే చాలామంది ఈ జాబితాలో వేసే 'మిస్టర్ పర్ఫెక్ట్' కర్ట్ హెన్నిగ్‌ని నేను వెయ్యడం లేదు. ఆయన 1987లో ఏడబ్ల్యూఏ ఛాంపియన్ అయ్యాడు. చిన్నచిన్న సంస్థలు 'వరల్డ్' అని పేరు పెట్టుకున్న బెల్టుల్ని కూడా పక్కన పెడుతున్నాను.

రాహుల్ ద్రావిడ్ ఆటగాడిగా వన్డే ప్రపంచకప్ గెలవలేదు. 2003 ఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయాడు. దానికి కారణాలు వెతకాలంటే ఆస్ట్రేలియా ఉంది, పాంటింగ్ బ్యాట్ ఉంది, టాస్ ఉంది, అదృష్టం ఉంది. ఎవరూ ముందురోజు గదిలో కూర్చుని "రేపు ద్రావిడ్ ఓడిపోవాలి" అని రాసిపెట్టలేదు. రెజ్లింగ్‌లో రాసిపెడతారు. అలా రాసేవాణ్ణి బుకర్ అంటారు. ఎవరు గెలవాలి, ఎన్నాళ్లు గెలుస్తూ ఉండాలి, ఎవరి చేతిలో ఓడాలి అన్నది ఆయన నిర్ణయం. ఇదంతా వినోదమే తప్ప నిజమైన పోటీ కాదని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 1989లో న్యూజెర్సీ శాసనకర్తల ముందు ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుంది? క్రీడ అయితే అథ్లెటిక్ కమిషన్ నిబంధనలు, పన్నులు ఉంటాయి. నాటకం అయితే ఉండవు. రెజ్లింగ్ చరిత్రలో అతి పెద్ద రహస్యాన్ని బయటపెట్టింది ఏ పాత్రికేయుడో కాదు, ఖర్చు తగ్గించుకోవాలన్న లెక్క. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మరి గెలుపు ముందే రాసి ఉన్నప్పుడు ఛాంపియన్ అంటే ఏంటి? అది ఒక ఉద్యోగం. పాత రోజుల్లో నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ అని అమెరికాలో ఊరూరా ఉన్న ప్రమోటర్ల కూటమి ఉండేది. వాళ్లంతా కలిసి ఒకణ్ణి ఛాంపియన్‌గా ఎంచుకునేవారు. వాడు బెల్టుతో పారిపోకుండా వాడి దగ్గర డిపాజిట్ కూడా కట్టించుకునేవారు. ఆ ఛాంపియన్ ఊరూరా తిరిగి, ప్రతి ఊళ్లోనూ అక్కడి హీరోతో తలపడి, ఆ హీరో ఇంకాస్తలో గెలిచేస్తాడేమో అన్నంత దాకా లాక్కొచ్చి, ఆఖర్న ఎలాగో గట్టెక్కి ఇంకో ఊరికి బయల్దేరాలి. రిక్ ఫ్లెయిర్ ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. అంటే ఛాంపియన్ నైపుణ్యంలో సగం ఎదుటివాణ్ణి గొప్పగా చూపించడమే. ఆ నైపుణ్యం బెల్టు లేనివాళ్లకీ ఉండొచ్చు. కొందరికి బెల్టు ఉన్నవాళ్ల కంటే ఎక్కువే ఉంది.

మన దేశంలో 90ల్లో కేబుల్ టీవీ ముందు పెరిగిన తరానికి ఈ ఉద్యోగం సంగతి తెలీదు. మాకు రెజ్లింగ్ అంటే టీవీ తర్వాత ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని ఫైట్లు, ఎన్ని గెలుపులు, ర్యాంకు. ఎవడి కార్డు మీద అంకె పెద్దదో వాడిదే పేక. ఓడిపోవడంలో ఎవడు గొప్ప అనే గడి ఆ కార్డుల మీద లేదు. ఇప్పటికీ రెజ్లర్ల గురించి మన అంచనాలు చాలావరకు ఆ కార్డు ఆకారంలోనే ఉంటాయని నాకనిపిస్తుంది. ఎన్నిసార్లు ఛాంపియన్? పదహారా? అయితే గొప్పోడు.

ఈ లెక్క ఎంత బలహీనమైందో తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు. ద గ్రేట్ ఖలీ 2007లో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ మనిషి ఎత్తు, ఆ చేతులు, ఆ నడక చూస్తే జనం నోరు తెరిచేవారు. ఆ మాట నిజం. కానీ రింగులో ఆయన మోకాళ్లు సహకరించేవి కావు. మ్యాచ్ మొత్తం ఎదుటివాడే మొయ్యాలి. 2017లో జిందర్ మహల్ రాండీ ఆర్టన్‌ని ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు. పంజాబీ మూలాలున్న ఈ కెనడా రెజ్లర్‌కి అకస్మాత్తుగా దక్కిన ఈ అందలం భారత మార్కెట్ కోసమేనని అప్పట్లో చాలామంది అన్నారు. నాకు ఇద్దరి మీదా కోపం లేదు. ఇచ్చిన పని చేశారు. ఇక్కడ ఎత్తి చూపాలనుకుంటున్నది ఒక్కటే: ఓవెన్ హార్ట్‌కి రాని బెల్టు ఖలీకి వచ్చింది అంటే, ఆ బెల్టు కొలిచేది కళని కాదు. కంపెనీకి ఆ నెల ఏం అమ్ముకోవాలో దాన్ని.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం.

టెడ్ డిబియాసీ కథ అన్నిటికంటే తమాషా అయింది, ఎందుకంటే ఆయన విషయంలో బెల్టు రాకపోవడమే పాత్రకి ప్రాణం. 1987 నుంచి ఆయన 'మిలియన్ డాలర్ మ్యాన్'. డబ్బుతో ఏదైనా, ఎవరినైనా కొనొచ్చని నమ్మే మనిషి. ఒక పిల్లాడు బాస్కెట్‌బాల్ ఇన్నిసార్లు ఆపకుండా కొడితే డబ్బిస్తానని చెప్పి, ఆఖరి క్షణంలో కాలితో బంతిని తన్నేస్తాడు. ఆ ఒక్క తన్నుతో పాత్ర మొత్తం అర్థమైపోతుంది. అలాంటివాడు టైటిల్‌ని ఎలా సాధిస్తాడు? కొంటాడు. 1988 ఫిబ్రవరి 5న హల్క్ హోగన్‌ని ఆంద్రే ద జెయింట్ ఓడించాడు. హోగన్ భుజం లేచినా రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు. ఆ రిఫరీకి అచ్చుగుద్దినట్టున్న కవల సోదరుడు ఇంకొకడు రింగులోకి వచ్చాడు. ఆంద్రే ఆ బెల్టుని అక్కడికక్కడే డిబియాసీకి ఇచ్చేశాడు. బెల్టు కొనుక్కుంటే చెల్లదని కంపెనీ ప్రెసిడెంట్ పాత్రధారి తేల్చాడు. టైటిల్ ఖాళీ అయింది. మార్చి 27న అట్లాంటిక్ సిటీలో జరిగిన రెజిల్‌మేనియా 4లో టోర్నమెంటు పెట్టారు. డిబియాసీ ఫైనల్‌కి వచ్చి, హోగన్ కుర్చీ దెబ్బ తిని, రాండీ సావేజ్‌కి ఓడిపోయాడు.

తర్వాత ఏం చేశాడు? 1989లో తన సొంత బెల్టు చేయించుకున్నాడు. డాలర్ గుర్తులతో మెరిసిపోయే మిలియన్ డాలర్ ఛాంపియన్‌షిప్. దాన్ని కంపెనీ అధికారికంగా గుర్తించలేదు. తనే ఇచ్చుకుని, తనే కట్టుకుని, తనే మురిసిపోయాడు. ఆ పాత్రకి ఇంతకంటే సరైన శిక్ష ఏ రచయితా ఊహించలేడు. డిబియాసీ నిజంగానే ఛాంపియన్ అయి ఉంటే ఏడాదికో రెండేళ్లకో ఇంకొకడికి ఇచ్చేసి వెళ్లిపోయేవాడు. అవ్వకపోబట్టి, కొనలేనిది ఒకటుంది అనే కథ ఆయన మీద రాసుకుంది. ఆ కథ ముగింపు కూడా బెల్టుదే. ఏళ్ల తరబడి ఆయన పక్కన నౌకరులా నిలబడ్డ వర్జిల్ 1991 సమ్మర్‌స్లామ్‌లో ఆ సొంత బెల్టునే గెలుచుకున్నాడు. న్యూయార్క్ జనం పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. వర్జిల్ గొప్ప రెజ్లర్ కాదు. ఆ అరుపు డిబియాసీ నాలుగేళ్లు ఓపిగ్గా పోగు చేసిన అసహ్యం. ఆ రాత్రి దాన్ని వడ్డీతో సహా ఇంకొకడి చేతిలో పెట్టాడు. 1990 సర్వైవర్ సిరీస్‌లో అండర్‌టేకర్ అనే కొత్తవాణ్ణి జనానికి పరిచయం చేసిందీ ఆయనే. ఇన్ని చేతులకి ఇన్ని ఇచ్చిన మనిషి చేతిలో కంపెనీ బెల్టు మాత్రం నిలవలేదు.

రాడీ పైపర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. డిబియాసీ ఇచ్చేవాడు, పైపర్ ఇవ్వనివాడు. 1985 మార్చి 31న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదటి రెజిల్‌మేనియా జరిగింది. ఒకవైపు హోగన్, మిస్టర్ టీ. ఇంకోవైపు పైపర్, పాల్ ఆర్న్‌డార్ఫ్. ఆ సాయంత్రం అన్ని టికెట్లు అమ్ముడుపోవడానికి హోగన్ ఎంత కారణమో పైపర్ మీద జనానికున్న కసి అంత కారణం. 1984లో తన 'పైపర్స్ పిట్' అనే మాటల కార్యక్రమంలో జిమ్మీ స్నూకా తల మీద కొబ్బరికాయ పగలగొట్టినప్పటి నుంచీ ఆ కసి పెరుగుతూనే ఉంది. అయితే ఆ రాత్రి ఎవరు పిన్ అయ్యారో చూడండి. పైపర్ కాదు. స్నేహితుడి దెబ్బ పొరపాటున తగిలి ఆర్న్‌డార్ఫ్ పడిపోయాడు. పైపర్ అతన్ని రింగులోనే వదిలేసి వెళ్లిపోయాడు.

డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో పైపర్‌ని శుభ్రంగా పిన్ చేసి ఓడించడం చాలా అరుదు. ఓడితే విలువ పోతుంది, విలువ పోతే ప్రమోటర్‌తో బేరమాడే బలం పోతుంది అనే లెక్క ఆయనకి బాగా తెలుసని నా అంచనా. ఛాంపియన్ కుర్చీ తనది కాదని తెలిసినవాడు కనీసం తన కుర్చీని ఎవరికీ ఇవ్వకుండా కాపాడుకున్నాడు. అందుకే ఆయన ఇచ్చినరోజు అంత బరువుగా ఉంటుంది. 1992 జనవరి రాయల్ రంబుల్‌లో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచాడు. అదే రాత్రి రంబుల్ విజేతకే ఖాళీగా ఉన్న వరల్డ్ టైటిల్ అన్నారు. పైపర్ అందులోనూ దిగాడు, రిక్ ఫ్లెయిర్ గెలిచాడు. పైపర్ జీవితంలో వరల్డ్ టైటిల్‌కి అంత దగ్గరగా నిలబడ్డ రాత్రుల్లో అదొకటి. ఏప్రిల్ 5న ఇండియానాపొలిస్‌లో రెజిల్‌మేనియా 8. ఎదురుగా బ్రెట్ హార్ట్, నుదుటి నుంచి నెత్తురు కారుతోంది. రిఫరీ పడిపోయి ఉన్నాడు. పైపర్ చేతిలో రింగు గంట. కొడితే గెలుపు. ఎత్తాడు, జనం వైపు చూశాడు, జనం వద్దని అరిచారు. దించి పక్కన పడేశాడు. బ్రెట్ మెడకి స్లీపర్ పట్టు బిగించాడు. బ్రెట్ మూల స్తంభాన్ని కాళ్లతో తన్ని వెనక్కి దొర్లి, అదే పట్టులో పైపర్ భుజాల్ని నేలకి ఆనించాడు. ఒకటి, రెండు, మూడు.

ఈ మ్యాచ్‌ని ఎన్నిసార్లు చూసినా గంట దించే క్షణమే నన్ను పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి దుర్మార్గుడిగా బతికిన పాత్ర, ఆ అలవాటుని చేతిలో బరువుగా పట్టుకుని ఆలోచిస్తోంది. ఇందులో నటన ఎంత, నిజం ఎంత అని అడగడం అనవసరం. ఓడిపోవడాన్ని ఒక నిర్ణయంగా చూపించడం వరల్డ్ టైటిల్ మ్యాచుల్లో నేను చాలా తక్కువసార్లు చూశాను.

జేక్ రాబర్ట్స్ దగ్గర ఇంకో రకం సమస్య. ఆయన డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో వరల్డ్ టైటిలే కాదు, ఏ టైటిలూ గెలవలేదు. సంచిలో కొండచిలువ, ఒక్క దెబ్బతో మ్యాచ్ ముగించే డీడీటీ, అన్నిటికీ మించి గొంతు. 80ల్లో ప్రతివాడూ మైకు ముందు నరాలు తేలేలా అరుస్తున్నప్పుడు జేక్ గొంతు తగ్గించాడు. వినాలంటే మనమే టీవీకి దగ్గరగా జరగాలి. జరిగామంటే ఆయన పట్టులో పడ్డట్టే. హోగన్‌తో పగ మొదలుపెట్టడానికి ఒకసారి ఆయన మీద డీడీటీ వేస్తే, హోగన్ కోసం ఏడవాల్సిన జనం "డీడీటీ" అని కేకలు వేశారనీ, దాంతో ఆ పగని కంపెనీ ఆపేసిందనీ జేక్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ఆ మాటే నిజమైతే, ఆయనకి పై మెట్టు దక్కకపోవడానికి కారణం సరిపోకపోవడం కాదు, ఎక్కువైపోవడం.

అలాంటివాడు 1996 జూన్ 23న మిల్వాకీలో కింగ్ ఆఫ్ ద రింగ్ ఫైనల్లో స్టీవ్ ఆస్టిన్‌కి ఓడిపోయాడు. అప్పటికి జేక్ పాత్ర తాగుడు మాని బైబిలు పట్టుకున్న మనిషి. గెలిచిన ఆస్టిన్ ఆ బైబిల్నే వెక్కిరిస్తూ మాట్లాడిన మాటలు తర్వాత కోట్ల టీషర్టుల మీదకి ఎక్కాయి. ఆస్టిన్ మాట్లాడింది గొప్పగానే మాట్లాడాడు. కానీ వెక్కిరించడానికి ఎదురుగా ఒక నిజమైన మనిషి ఉండాలి కదా. నడుం వంగిన, పక్కటెముకలు పట్టుకున్న, ఒకప్పుడు ఎంతటివాడో అందరికీ గుర్తున్న మనిషి. జేక్ లేకపోతే ఆస్టిన్ ఆ రాత్రి ఎవరిమీద నిలబడి ఎత్తయ్యేవాడు?

ఇక్కడిదాకా చదివినవాళ్లకి "అయితే బెల్టు అక్కర్లేదన్న మాట నిజమేగా" అనిపించొచ్చు. రోలాఁ బార్త్ కూడా దాదాపు ఆ వైపే ఉన్నాడు. 1957లో వచ్చిన 'మైథాలజీస్' పుస్తకంలో ఆయన వ్యాసం రెజ్లింగ్ గురించే. రెజ్లర్ పని గెలవడం కాదు, తన నుంచి జనం ఎదురుచూసే హావభావాల్ని సరిగ్గా చేసి చూపించడం అని ఆయన వాదన. సాహిత్యం చదివేవాళ్లు రెజ్లింగ్ గురించి మాట్లాడాల్సొస్తే మొదట ఎత్తుకునేది ఆ వ్యాసాన్నే. నాకూ ఇష్టమే. కానీ బార్త్ ప్రేక్షకుల వరసలో కూర్చుని రాశాడు. ఆ హావభావాలు చేసే మనిషికి రాత్రికి ఎంత ముట్టింది, విరిగిన ఎముకకి ఎవరు కట్టు కట్టించారు అన్నది ఆయన ప్రశ్న కాదు.

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ రెజ్లర్లు ఉద్యోగులు కాదు, కాగితం మీద స్వతంత్ర కాంట్రాక్టర్లు. ఆ రోజుల్లో ఆదాయం ఎక్కువగా టికెట్ల వసూళ్లని బట్టి ఉండేది. పోస్టరులో పైన పేరున్నవాడికి పెద్ద వాటా, కిందకి వచ్చేకొద్దీ చిన్న వాటా. వరల్డ్ టైటిల్ మ్యాచ్ అంటే పోస్టరులో పైవరస. 1986లో జెస్సీ వెంచురా యూనియన్ పెడదామని లాకర్‌రూమ్‌లో మాట్లాడాడు, అది ముందుకి సాగలేదు. అదే ఏడాది, ఇందాక రింగులో వదిలేసి వచ్చిన పాల్ ఆర్న్‌డార్ఫ్ హోగన్ మీద టైటిల్ కోసం ఊరూరా పోరాడాడు. టొరంటోలో ఆగస్టు 28న వాళ్లిద్దర్నీ చూడటానికి 60,000కి పైగా వచ్చారు. ఆ పరుగు మధ్యలో ఆర్న్‌డార్ఫ్ చేతికి దెబ్బ తగిలింది. ఆపి వైద్యం చేయించుకుంటే ఆ పైవరస ఇంకొకడికి పోతుంది. ఆపలేదు. తర్వాత ఆ కుడిచెయ్యి కండ కరిగిపోయి, రెండో చేతి కంటే సన్నబడిపోయింది. తర్వాతి ఏళ్ల ఫొటోల్లో తేడా కంటికి కనిపిస్తుంది. ఆయన కూడా వరల్డ్ ఛాంపియన్ కాలేదు. ఆ చెయ్యి చూశాక "ఆయనకి బెల్టు అక్కర్లేదు" అని తేలిగ్గా అనగలమా?

మా ఐటీ వాళ్లకి ఈ భాష కొత్తేమీ కాదు. నేను పనిచేసిన ఒక చోట ఒక సీనియర్ ఉండేవాడు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే అందరూ ఫోన్ చేసేది ఆయనకే. కొత్తవాళ్ల కోడ్ ఓపిగ్గా సరిచేసి, వాళ్ల పేరుతోనే పైకి పంపేవాడు. ప్రతి ఏడాదీ అప్రైజల్లో ఆయనకి వచ్చే జవాబు ఒకటే: "నీ విలువ అందరికీ తెలుసు, నీకు డెజిగ్నేషన్‌తో పనేంటి?" ఆ మాట అన్నవాళ్లెవరూ తమ డెజిగ్నేషన్ వదులుకోలేదు. అభిమాని నోట్లో ప్రశంస అయిన వాక్యం యజమాని నోట్లో పొదుపు చర్య ఎలా అవుతుందో నాకు రెజ్లింగ్ కంటే ముందు ఆఫీసులోనే తెలిసింది.

2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. చుట్టూ మా ఆఫీసులే. నేనూ వెళ్లాను. జాన్ సీనా, అప్పటి వరల్డ్ ఛాంపియన్ సెత్ రాలిన్స్ ఒక జట్టు. లుడ్విగ్ కైజర్, జొవానీ విన్చీ ఇంకో జట్టు. జనమంతా వచ్చింది సీనా కోసం. ఫోన్లన్నీ ఆయన వైపే. ఆ ఇద్దర్నీ చూడటానికి వచ్చినవాళ్లు నా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. కానీ సీనా విసిరితే ఎగరాల్సింది వాళ్లు. ఆ పడటంలో ఎత్తు లేకపోతే సీనా బలం అబద్ధమైపోతుంది. హైదరాబాద్ ఆ రాత్రి ఇంటికి తీసుకెళ్లిన సంతోషాన్ని తయారుచేసినవాళ్లలో కనీసం సగం మంది పేర్లు హైదరాబాద్‌కి గుర్తులేవు.

చివరిగా ఓవెన్ హార్ట్. ఆలస్యంగా ఎత్తుకున్నాను, ఎందుకంటే నేను పైన విడదీసి చెప్పిన రెండు సగాలూ ఈయన దగ్గర ఒకటైపోతాయి.

కాల్గరీలో స్టూ హార్ట్ ఇంటి నేలమాళిగలో ఎందరో రెజ్లర్లు తయారయ్యారు. ఆయన 12 మంది పిల్లల్లో ఆఖరివాడు ఓవెన్. అన్న బ్రెట్ పెద్ద స్టార్. 1994లో రాసిన కథ ఏంటంటే అన్న నీడలో తమ్ముడు ఉడికిపోతున్నాడు. మార్చి 20న రెజిల్‌మేనియా 10 మొదటి మ్యాచ్ అన్నదమ్ములదే. సుమారు 20 నిమిషాలు. బ్రెట్ ఆఖర్న తమ్ముడి భుజాల మీదకెక్కి ముందుకి దొర్లించబోయాడు. ఓవెన్ అలాగే కిందకి కూర్చుని అన్నని పిన్ చేశాడు. మోసం లేదు, కుర్చీ లేదు. గెలిచిన ఓవెన్ మొహంలో ఆనందం కంటే ముందు నమ్మలేకపోవడం కనిపిస్తుంది. అదే రాత్రి ఆఖరి మ్యాచ్‌లో బ్రెట్ యోకోజునాని ఓడించి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. అందరూ రింగులోకి వచ్చి అతన్ని ఎత్తుకుంటుంటే, దారి మధ్యలో ఓవెన్ ఒక్కడే నిలబడి చూస్తున్నాడు. ఒక్క మాట లేదు. అన్నని ఓడించినవాడు తనే, అయినా బెల్టు అన్న దగ్గర. బెల్టు చుట్టూ అల్లిన కథల్లో నాకు ఇంతకంటే బరువైన దృశ్యం తెలీదు. అది పనిచెయ్యాలంటే ఓవెన్ దగ్గర బెల్టు ఉండకూడదు. ఇది మొదటి సగం.

ఆ ఏడాది నవంబరు సర్వైవర్ సిరీస్‌లో బ్రెట్ ఓడిపోవడానికి కూడా ఓవెనే కారణం. బాబ్ బ్యాక్‌లండ్ పట్టులో నలుగుతున్న అన్నని చూసి ఏడుస్తున్నట్టు నటించి, తల్లి చేత తువ్వాలు వేయించాడు. బెల్టు బ్యాక్‌లండ్‌కి పోయింది. తమ్ముడు ఎగురుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

రెండో సగం 1999 మే 23న, కాన్సాస్ సిటీలో. ఓవెన్‌కి అప్పటికి ఇచ్చిన పాత్ర 'బ్లూ బ్లేజర్'. ముసుగు, ఈకలు, నవ్వులాటగా నీతులు చెప్పే సూపర్‌హీరో. పైకప్పు నుంచి తాడు మీద దిగుతూ కిందపడినట్టు చేసి నవ్వించాలి. దిగేటప్పుడు కొక్కెం ముందే వదిలేసింది. చాలా ఎత్తు నుంచి రింగులో పడి చనిపోయాడు. వయసు 34. షో ఆగలేదు. మిగతా మ్యాచులు అదే రింగులో జరిగాయి. భార్య మార్తా హార్ట్ కేసు వేసింది, 2000లో సుమారు 1.8 కోట్ల డాలర్లకి పరిష్కారమైంది. ఆ తర్వాత ఓవెన్‌ని తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకోవడానికి కంపెనీకి ఆమె ఒప్పుకోలేదు.

చాలామంది అభిమానులకి ఆమె మొండితనం అర్థం కాదు. అంత గొప్పవాడికి ఆ గౌరవమన్నా దక్కాలి కదా అంటారు. నాకు మాత్రం ఈ విషయం మీద ఎవరూ రాయనంత మంచి విమర్శ ఆమె నిరాకరణలో కనిపిస్తుంది. బతికినన్నాళ్లూ పైవరస ఇవ్వని చోట, తాడు కట్టి దింపి నవ్వించమన్న చోట, పోయాక ఇచ్చే బిరుదుకి విలువెంత? ఈ బిరుదులు పంచే హక్కు మీకెవరిచ్చారు అని ఆమె అడుగుతున్నట్టు ఉంటుంది.

ఆమె వేరే సంస్థతో కలిసి 2022 నుంచి భర్త పేరు మీద ఏటా ఒక టోర్నమెంటు జరిపిస్తోంది. ఆ సంస్థ పేరు ఏఈడబ్ల్యూ. 2024లో ఆ కప్పు గెలిచినవాళ్లకి వరల్డ్ టైటిల్ మ్యాచ్ అన్నారు. బ్రయన్ డేనియల్సన్ గెలిచాడు, ఆగస్టు 25న లండన్ వెంబ్లీలో వరల్డ్ ఛాంపియన్ కూడా అయ్యాడు. అంటే వరల్డ్ టైటిల్ ఎన్నడూ దక్కని మనిషి పేరు ఇప్పుడు వరల్డ్ టైటిల్‌కి వెళ్లే దారికి పెట్టారు. ఇది న్యాయం అయిపోయినట్టు కాదు. కానీ హాల్ ఆఫ్ ఫేమ్ అద్దాల పెట్టెలో ఫొటోకంటే ఇది ఆయన చేసిన పనికి దగ్గరగా ఉంది, ఎందుకంటే ఇంకొకణ్ణి పైకి పంపడమే కదా ఆయన చేసింది.

కాబట్టి ఈసారి పాత మ్యాచ్ ఏదైనా పెట్టుకుంటే గెలిచినవాడి చేతిలో బెల్టు వైపు కాకుండా కింద పడ్డవాడి వైపు ఒకసారి చూడండి. ఎలా పడ్డాడు, ఎంతసేపు లేవలేదు, ఆ లేవకపోవడం వల్ల పైన నిలబడ్డవాడు ఎంత ఎత్తుగా కనిపిస్తున్నాడు. అతను గొప్పవాడని మీకే తెలుస్తుంది. అప్పుడు "బెల్టు అక్కర్లేదు" అని మాత్రం అనకండి. అక్కర ఉందో లేదో అతన్నెవరూ అడగలేదు.